కొండమీద అమెరికా బడి



అమెరికా చదువును అమెరికా బయట చెప్పే బడుల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. దుబాయిలో, సింగపూరులో, టోక్యోలో, మన ఢిల్లీలో ఇలాంటి బడులు ఏనాటి నుంచో ఉన్నాయి. పై దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు పిల్లల్ని వాటిలో వెయ్యాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటారు. ఆ చర్చ ఫోన్లో ఇక్కడి తాతయ్యల దాకా, అమ్మమ్మల దాకా వస్తుంది. ఫీజు ఎంత, బస్సు ఉందా, ఇంగ్లీషు బాగా వస్తుందా అన్న ప్రశ్నల దగ్గరే చాలాసార్లు అది ఆగిపోతుంది. అసలు ఈ బడులు ఎందుకు పుట్టాయో, ఎవరి కోసం పుట్టాయో తెలిస్తే అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయని అర్థమవుతుంది. అది చెప్పడానికి నేను దుబాయి దాకా వెళ్ళను. కొడైకెనాల్ వెళితే చాలు. అక్కడి బడి కథలో మన నెల్లూరు, ఒంగోలు, గుంటూరు కూడా ఉన్నాయి.

అమెరికన్ లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. అంతకు కొద్దిగా ముందే అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు చేరారు. 1860లలో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1876లో మొదలైన కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలి జనానికి పని చూపించాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి ఆ మిషన్ బాప్తిస్మం ఇచ్చింది. ఈ సంగతులు మన జిల్లా చరిత్రల్లో ఉన్నాయి. ఆ మిషన్ బంగళాల్లో పుట్టి పెరిగిన పిల్లల సంగతి మాత్రం అంతగా ఎవరూ చెప్పరు.

ఆ పిల్లలకు ఆయా పాటలు తెలుగువి, ఆటలు తెలుగువి. మొదటి మాటలు కూడా చాలామందికి తెలుగే అయి ఉంటాయి. ఆరేడేళ్ళు వచ్చేసరికి ఇంట్లో దిగులు మొదలయ్యేది. చదువెలా? అప్పటి పద్ధతి ఒక్కటే. పిల్లను ఓడ ఎక్కించి అమెరికాలో అవ్వ దగ్గరకో, మేనత్త దగ్గరకో, మిషనరీ బిడ్డల కోసం అక్కడ నడిపే వసతి గృహాలకో పంపెయ్యాలి. మిషనరీలకు స్వదేశం వెళ్ళే సెలవు ఇంచుమించు ఏడేళ్ళకొకసారి దొరికేది. ఏడేళ్ళ బిడ్డను ఓడ ఎక్కించిన తల్లి ఆ బిడ్డను మళ్ళీ చూసేసరికి పద్నాలుగేళ్ళు వచ్చి ఉంటాయి. మధ్యలో ఉత్తరాలే. అవీ ఓడల మీద వారాల తరబడి ప్రయాణం చేసి వచ్చేవి. మతం విషయంలో ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఆ తల్లుల బాధ ఎవరికైనా అర్థమవుతుంది. ఇవాళ కొడుకును డల్లాస్ పంపి వీడియో కాల్ కోసం రాత్రి పదిన్నర దాకా కూర్చునే మన తల్లులకు మరీ బాగా అర్థమవుతుంది.

ఇక కొడైకెనాల్. మధురైలో 1834లో మొదలైన అమెరికన్ మిషన్‌లో జ్వరాలకూ కలరాకూ వరసగా మనుషులు పోయారు. చల్లని చోటు కోసం పళని కొండలు ఎక్కి, 1845లో ఏడు వేల అడుగుల ఎత్తున రెండు ఇళ్ళు కట్టుకున్నారు. వాటి పేర్లు సన్నీసైడ్, షెల్టన్. ఊటీ, సిమ్లా లాంటి కొండ ఊళ్ళను ఇంగ్లీషు దొరలు పెంచితే, కొడైకెనాల్‌కు పునాది వేసినవాళ్ళు అమెరికన్లు. తర్వాత ఇతర మిషన్ల వాళ్ళూ వేసవికి అక్కడికి చేరడం మొదలుపెట్టారు. ఏప్రిల్, మే నెలల్లో తెలుగు జిల్లాల నుంచి, తమిళ జిల్లాల నుంచి కుటుంబాలన్నీ అక్కడ కలిసేవి. అంతమంది పిల్లలు ఒకచోట కనిపించాక, ఇక్కడే బడి పెడితే పోదా అన్న ఆలోచన రావడం సహజమే.

1901 జులై 1న ఆ బడి మొదలైంది. అప్పటిదాకా హోటలుగా నడిచిన హైక్లెర్క్ అనే భవనంలో 13 మంది పిల్లలతో మొదలుపెట్టి, ఆ పేరే బడికీ పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ మార్గరెట్ ఎడ్డీ. వై.ఎం.సి.ఏ. ప్రచారకుడిగా పేరుపొందిన షేర్‌వుడ్ ఎడ్డీకి తల్లి ఆవిడ. అమెరికాలోని కాన్సస్ నుంచి కొడుకును చూడటానికి వచ్చి బడి భారం నెత్తికెత్తుకుంది.

బడి చేరడమే ఒక పెద్ద పని. మద్రాసు నుంచి బెజవాడకు రైలు మార్గం 1899లో పూర్తయింది కాబట్టి, ఒంగోలు పిల్లలు మద్రాసు దాకా రైల్లో రాగలిగారు. అక్కడ దిగి, మీటరు గేజి బండికి మారి, రాత్రంతా కూర్చుని, కొడై రోడ్ స్టేషన్‌లో దిగాలి. స్టేషన్ పేరులో కొడై ఉందని మోసపోకూడదు, కొండ ఇంకా చాలా దూరం. అక్కణ్ణుంచి ఎడ్లబండిలో కొండ అడుగుకు, ఆపైన కాలిబాట. చిన్నపిల్లల్ని, ఆడవాళ్ళను కుర్చీలకు బొంగులు కట్టి మోసేవాళ్ళు భుజాన వేసుకుని పైకి చేర్చేవారు. ఘాట్ రోడ్డు మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గాని రాలేదు. అమెరికా చదువు ఏడు వేల అడుగులు ఎక్కింది మోతకూలీల భుజాల మీదనే. బడి చరిత్రలో వాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. అందుకే ఇక్కడ ఆ మాట చెబుతున్నాను.

బడి ఏడాదిని కూడా తల్లిదండ్రుల బతుకును చూసి కుట్టారు. జనవరిలో చదువు మొదలయ్యేది, అక్టోబరులో పెద్ద సెలవులు. ఆ చలి నెలల్లో పిల్లలు మైదానాలకు దిగి ఇంటికి వెళ్ళేవారు. ఎండాకాలంలో తల్లిదండ్రులే కొండెక్కేవారు. ఏడేళ్ళ ఎడబాటు కాస్తా నాలుగైదు నెలలకు తగ్గింది. నా లెక్కలో ఆ బడి సాధించిన మొదటి ఘనత ఇదే. పాఠాల సంగతి ఆ తర్వాత.

ఇంతకీ ఆ పాఠాలు ఎవరివి? అమెరికావి. కారణం సూటిగా ఉంది. ఆ పిల్ల ఎప్పటికైనా అమెరికా తిరిగి వెళుతుంది. ఒహాయోలోనో పెన్సిల్వేనియాలోనో ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లకు ఏం వస్తుందో అదే ఈ పిల్లకూ రావాలి. అక్కడికి వెళ్ళి ఆరో తరగతిలో కూర్చుంటే తడబడకూడదు. పరాయి నేల మీద అమెరికన్ బడి పెట్టడానికి మూలకారణం ఇంతే, తిరుగు ప్రయాణం. ఇస్తాంబుల్‌లో 1863లో మొదలైన రాబర్ట్ కాలేజీ లాంటివి స్థానికుల కోసమే పెట్టినవి, వాటి దారి వేరు. తమ పిల్లల కోసం పెట్టుకున్న బడులు మాత్రం దాదాపు అన్నీ ఈ తిరుగు ప్రయాణం మీదనే నిలబడ్డాయి. మస్సూరీలోని వుడ్‌స్టాక్ 1854 నాటిది, టోక్యోది 1902 నాటిది, షాంఘైది 1912 నాటిది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిషనరీల స్థానంలో దౌత్యాధికారులు, చమురు కంపెనీల ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు వచ్చారు. ఢిల్లీలో అమెరికన్ ఎంబసీ స్కూలు 1952లో, సింగపూరులో అమెరికన్ స్కూలు 1956లో, దుబాయిలో 1966లో మొదలయ్యాయి. అమెరికా విదేశాంగ శాఖలో 1964 నుంచి ఈ బడుల కోసం ఒక విభాగమే ఉంది. ప్రపంచం మొత్తం మీద దాదాపు 190 బడులకు అది సాయం చేస్తోంది. అయితే ఇవి అమెరికా సర్కారు బడులు కావు. ప్రైవేటువి. చాలావాటిని తల్లిదండ్రులు ఎన్నుకున్న బోర్డులే నడుపుతాయి.

మరి అమెరికన్ పద్ధతి అంటే బడి లోపల ఏం జరుగుతుంది? మన పదో తరగతి, ఇంటర్మీడియట్‌తో పోల్చి చెబితే తేలిగ్గా తెలుస్తుంది.

మన దగ్గర పిల్లవాడి భవిష్యత్తును నిర్ణయించేది ఎవరో తెలియని ఒక ఎగ్జామినర్. మార్చిలో మూడు గంటల పరీక్ష, ఆపైన మార్కుల మెమో. అమెరికన్ బడిలో ప్రభుత్వ బోర్డు పరీక్ష ఉండదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళు హైస్కూలు. ఏడాది పొడవునా ఒక సబ్జెక్టు చదివి గట్టెక్కితే ఒక క్రెడిట్. ఇంగ్లీషులో ఇన్ని, లెక్కల్లో ఇన్ని, సైన్సులో ఇన్ని, సాంఘికశాస్త్రంలో ఇన్ని, కళల్లో ఇన్ని అని లెక్క కట్టి, అవన్నీ కూడితే బడే డిప్లొమా ఇస్తుంది. చదువు పూర్తయ్యాక చేతికి వచ్చేది ట్రాన్‌స్క్రిప్ట్ అనే కాగితం. సాధారణంగా ఒకటే పుట. ఎడమవైపు సబ్జెక్టుల పేర్లు, పక్కన ఏ, బీ, సీ గ్రేడ్లు, ఆ పక్కన క్రెడిట్లు, అడుగున నాలుగుకు ఎంత వచ్చిందో చెప్పే జీపీఏ. ఆ పుటలో ఆల్జీబ్రా పక్కనే కుండల తయారీ కనిపిస్తుంది, కెమిస్ట్రీ కిందే బ్యాండు మేళం కనిపిస్తుంది. మన తండ్రులు ఆ కాగితం చూసి మొదట గాభరా పడతారు. కుండలకు క్రెడిట్ ఏమిటి అంటారు. అక్కడి కాలేజీలు మాత్రం ఆ వరసను కూడా చదువుతాయి.

తొమ్మిదో తరగతిలో సోమరిగా ఉన్న పిల్ల పదకొండులో పుంజుకుంటే ఆ సంగతీ ఆ పుటలో ఉంటుంది. తొమ్మిదిలో వెలిగి పన్నెండులో చతికిలబడినా ఉంటుంది. ఒక్క మార్చి నెలలో జ్వరం వచ్చినందుకు బతుకు తలకిందులు కాదు. అలాగని చివరి రెండు నెలలు రాత్రింబవళ్ళు చదివి నాలుగేళ్ళ సోమరితనాన్ని కప్పిపుచ్చుకోవడమూ కుదరదు. నాకు ఈ పద్ధతిలో నచ్చినది ఇదే.

పాఠం ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఉప్పు సత్యాగ్రహం తీసుకుందాం. ఎప్పుడు మొదలైంది, ఎంతమంది నడిచారు, ఎన్ని మైళ్ళు అని మన ప్రశ్నపత్రం అడుగుతుంది. ఇలాంటి మంచి బడిలో టీచరు రెండు కాగితాలు చేతికిస్తారు. ఒకటి 1930 మార్చి 2న గాంధీజీ వైస్రాయి ఇర్విన్‌కు రాసిన ఉత్తరం. రెండోది ఆ మే నెలలో ధరాసనలో సత్యాగ్రహుల మీద లాఠీలు పడటం కళ్ళారా చూసి, వెబ్ మిల్లర్ అనే అమెరికన్ విలేకరి పంపిన వార్త. ఈ రెండూ చదివి, ఉప్పునే గాంధీజీ ఎందుకు ఎంచుకున్నారో, ఆ వార్త పై దేశాల్లో ఎందుకు అంత కదలిక తెచ్చిందో రెండు పుటలు రాయమంటారు. రాసినదాన్ని నాలుగు విధాల చూస్తారు. నువ్వు చెప్పే మాట ఏమిటి, దానికి ఆధారం ఏమిటి, ఆధారం నుంచి ఆ మాట ఎలా వచ్చింది, భాష ఎలా ఉంది. బాగా రాకపోతే ఎర్ర సిరాతో సూచనలు రాసి తిరిగి ఇస్తారు. పిల్ల మళ్ళీ రాస్తుంది. ఆ రెండోసారి రాయడంలోనే అసలు చదువు ఉంది. మన పిల్లలకు రెండోసారి రాసే అవకాశం సప్లిమెంటరీలో తప్ప దొరకదు.

ఇలా చదువు చెప్పాలంటే తరగతిలో ఇరవై మందికి మించకూడదు. టీచరుకు కాగితాలు దిద్దే తీరిక ఉండాలి, గ్రంథాలయం నిండుగా ఉండాలి. ఖర్చంతా అక్కడే. పెద్ద నగరాల్లో పేరున్న అమెరికన్ బడుల్లో ఏడాది ఫీజు 20 వేల డాలర్ల పైమాటే. కంపెనీ కడితే సరే, సొంత జీతంలోంచి కట్టాలంటే ఇద్దరు పిల్లల తండ్రికి అది నడుం విరిగే బరువు. గల్ఫ్‌లో మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది పిల్లల్ని సీబీఎస్ఈ చెప్పే ఇండియన్ స్కూళ్ళలో వేయడానికి ఇదొక కారణం. అందులో చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

బోర్డు పరీక్ష లేకుండా బడే గ్రేడ్లు వేసుకుని బడే డిప్లొమా ఇస్తుంటే, నమ్మేదెలా? ఎవరికి వారు ఏ గ్రేడైనా పంచుకోవచ్చు కదా. ఆ అనుమానం అమెరికాలోనే ముందు వచ్చింది. అందుకే బడులూ కాలేజీలూ కలిసి సంఘాలు పెట్టుకున్నాయి. మిడిల్ స్టేట్స్ సంఘం 1887 నాటిది, న్యూ ఇంగ్లండ్ సంఘం 1885 నాటిది. వీటిలో ఏదైనా ఒక సంఘం బడిని గుర్తిస్తే దాన్ని అక్రెడిటేషన్ అంటారు. గుర్తింపు కోరే బడి ముందు తన మంచీచెడూ తానే పరిశీలించి పెద్ద నివేదిక రాసుకోవాలి. తర్వాత ఇతర బడుల ఉపాధ్యాయులు బృందంగా వచ్చి కొన్ని రోజులు ఉంటారు. తరగతుల్లో వెనక బెంచీలో కూర్చుంటారు, ప్రయోగశాల చూస్తారు, టీచర్ల అర్హతలు, జమాఖర్చులు చూస్తారు, పిల్లలతో మాట్లాడతారు. గుర్తింపు ఇచ్చినా శాశ్వతంగా ఇవ్వరు, గడువు తీరాక మళ్ళీ పరీక్షే. కొడైకెనాల్ బడికి మిడిల్ స్టేట్స్ గుర్తింపు ఉంది. గోడ మీద అమెరికా జెండా రంగులు వేసుకున్నంత మాత్రాన, పేరులో అమెరికన్ అని చేర్చుకున్నంత మాత్రాన ఈ గుర్తింపు రాదు. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్ళు ఉంటారు.

కొడైకెనాల్ కథకు తిరిగి వద్దాం. దాదాపు డెబ్బై ఏళ్ళు ఆ బడి ప్రధానంగా మిషనరీ పిల్లల బడిగానే నడిచింది. స్వాతంత్ర్యం తర్వాత చర్చిలు, ఆసుపత్రులు, కాలేజీలు మనవాళ్ళ చేతుల్లోకి వచ్చాయి. విదేశీ మిషనరీలకు వీసాలు తగ్గుతూ వచ్చాయి. తిరిగి అమెరికా వెళ్ళవలసిన పిల్లలే లేకపోతే అమెరికన్ బడి ఎవరి కోసం? మూసెయ్యడం ఒక దారి. 1970లలో ఆ బడి ఇంకో దారి పట్టింది. కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలుగా పేరు మార్చుకుని భారతీయ పిల్లలకూ ఇతర దేశాల పిల్లలకూ తలుపులు తెరిచింది. 1976లో ఇంటర్నేషనల్ బాకలారియేట్, మనం ఐబీ అంటున్న పరీక్షను మన దేశంలో మొట్టమొదట తెచ్చింది. ఆ ఐబీ సంస్థ జెనీవాలో పుట్టి అప్పటికి ఎనిమిదేళ్ళే. ఇవాళ హైదరాబాదులో ఐబీ స్కూలు అంటే ఎవరూ ఆశ్చర్యపోరు గాని, దానికి ఈ దేశంలో మొదటి మెట్టు ఆ కొండమీద పడింది.

ఈ మలుపు నాకు చాలా గౌరవం కలిగించే విషయం. తమవాళ్ళ కోసం కట్టుకున్న బడిని తమవాళ్ళు వెళ్ళిపోయాక పదిమందికీ పనికొచ్చేలా మార్చుకోవడానికి పెద్ద మనసు కావాలి. అయితే మార్పుతో పాటు ఒక చిక్కు కూడా వచ్చింది. తిరుగు ప్రయాణం కోసం అల్లిన చదువు అది. తిరుగు ప్రయాణం లేని పిల్లలు అందులో చేరితే, ఆ చదువు వాళ్ళను ఎక్కడికి చేరుస్తుంది?

ఇది కొడైకెనాల్ ఒక్కదాని ప్రశ్న కాదు. ఇవాళ ఢిల్లీలో, దుబాయిలో, సింగపూరులో అమెరికన్ బడి మెట్లెక్కే ప్రతి తెలుగు కుటుంబానికీ ఇది వర్తిస్తుంది. అమెరికా దౌత్యాధికారి కూతురికి ఆ ప్రశ్న లేదు. మూడేళ్ళు సింగపూరులో చదివి వర్జీనియా వెళ్ళి తన తరగతిలో కూర్చుంటుంది. మన బాబుకు అలాంటి ఖాయం లేదు. నాన్న ప్రాజెక్టు అయిపోవచ్చు, వీసా పొడిగించకపోవచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళకు బాగోక వెనక్కి రావలసి రావచ్చు. పదకొండో తరగతి మధ్యలో విజయవాడ వచ్చి పడితే ఏమవుతుంది?

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది, కాస్త జాగ్రత్తగా వినండి. అమెరికన్ హైస్కూల్లో సైన్సును సాధారణంగా ఏడాదికొకటి చొప్పున చెబుతారు. తొమ్మిదిలో బయాలజీ, పదిలో కెమిస్ట్రీ, పదకొండులో ఫిజిక్స్ అన్నది అక్కడ మామూలు వరస. మన దగ్గర మెడిసిన్‌కు వెళ్ళాలంటే, నీట్ రాయాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ పన్నెండో తరగతి స్థాయిలో గట్టెక్కి ఉండాలి. పిల్లకు పదో తరగతిలోనే కెమిస్ట్రీ అయిపోయి, పన్నెండులో సైకాలజీ, ఎకనామిక్స్ తీసుకుని ఉంటే, ఆ పిల్ల ఎంత తెలివైనదైనా ఆ దారి కష్టమవుతుంది. ఐబీ తీసుకున్నా సబ్జెక్టుల ఎంపికలో ఇదే జాగ్రత్త కావాలి. ఇంజనీరింగుకు వచ్చేసరికి మన రాష్ట్రాల్లో స్థానికత లెక్క ఒకటుంది. ఏ రాష్ట్రంలో ఎన్నేళ్ళు చదివారన్నది సీట్ల దగ్గర చూస్తారు. వీటికి తోడు, విదేశీ డిప్లొమా మన ఇంటర్మీడియట్‌కు సమానమని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. వీటిలో ఏదీ దాటలేనిది కాదు. తొమ్మిదో తరగతిలోనే చూసుకుంటే అన్నీ సర్దుకుంటాయి. పన్నెండు పూర్తయ్యాక చూసుకుంటే మాత్రం ఏడాదో, రెండేళ్ళో పోతాయి. సీబీఎస్ఈ బడిని ఎంచుకున్న గల్ఫ్ తండ్రి చిన్నబుచ్చుకోనక్కర్లేదని అన్నది ఇందుకే. ఆయన తన బిడ్డ తిరుగు ప్రయాణం ఎటో ముందే ఆలోచించాడు. ఆ మిషనరీలు చేసిన ఆలోచనే ఆయనా చేశాడు.

ఇంకొకటి భాష. అమెరికన్ బడులు పరభాషకు చోటు ఇస్తాయి. టోక్యోలో జపనీస్ నేర్పుతారు, సింగపూరులో చైనీస్ నేర్పుతారు. స్పానిష్, ఫ్రెంచి దాదాపు అంతటా ఉంటాయి. తెలుగు ఉండదు. బడిలో ఇంగ్లీషు, స్నేహితులతో ఇంగ్లీషు, హోంవర్కు ఇంగ్లీషు అయ్యాక, ఇంట్లో కూడా అమ్మానాన్నలు ఇంగ్లీషులోకి జారిపోతే, నాలుగేళ్ళలో ఆ పిల్లకు నాయనమ్మతో మాట్లాడటానికి నాలుగు మాటలు మిగలవు. ఇది బడి తప్పు అనను. ఒంగోలు బంగళాలో తెలుగు పాటలు విన్న ఆ అమెరికన్ పిల్లలకు కూడా కొండమీద తెలుగు చెప్పినవాళ్ళు ఉండి ఉండరు. అయినా, అలా మిషనరీల ఇంట మన దేశంలో పుట్టి పెరిగిన రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ పెద్దయ్యాక చరిత్రకారుడై, 1965లో గుంటూరు జిల్లా పాత పాలన మీద ఒక గట్టి పుస్తకం రాశారు. ఆ జిల్లా చరిత్ర చదవాలనుకునేవాళ్ళు ఇప్పటికీ దాన్ని తిరగెయ్యక తప్పదు. చిన్నప్పుడు మనసుకు పట్టిన నేల ఎక్కడికీ పోదు. అది పట్టే అవకాశం మాత్రం ఇంట్లోవాళ్ళే ఇవ్వాలి.

ఈ తెలుగు విషయంలో అమెరికన్ క్రెడిట్ పద్ధతే మనకు ఒక దారి చూపిస్తోంది. సిలికానాంధ్ర మనబడి 2007లో అమెరికాలో తెలుగు తరగతులు మొదలుపెట్టింది. శని, ఆదివారాల్లో ఇళ్ళలో, గ్రంథాలయాల్లో, బడి గదుల్లో స్వచ్ఛందంగా పాఠాలు చెబుతున్నారు. పశ్చిమ తీరపు గుర్తింపు సంఘం నుంచి అక్రెడిటేషన్ కూడా తెచ్చుకున్నారు. దాంతో అక్కడ కొన్ని చోట్ల హైస్కూలు పిల్లలకు తెలుగు చదివినందుకు పరభాష క్రెడిట్ ఇస్తున్నారు. కుండల తయారీకి క్రెడిట్ ఇచ్చే ట్రాన్‌స్క్రిప్టులోనే తెలుగు అన్న మాటా ఒక వరసలో పడుతోంది. ఐబీలో అయితే, బడిలో టీచరు లేని భాష సాహిత్యాన్ని కూడా బడి తోడ్పాటుతో పిల్ల తానే చదువుకుని పరీక్ష రాసే వెసులుబాటు ఉంది. అడిగితే గదా తెలిసేది. బడికి వెళ్ళినప్పుడు ఈత కొలను ఎంత పొడవో అడుగుతాం, ఇది అడగం.

మంచి అమెరికన్ బడి మంచి బడే. పిల్లతో ప్రశ్న అడిగించే బడి, రాసినదాన్ని మళ్ళీ రాయించే బడి, తొమ్మిదో తరగతి నుంచి తన చదువును తాను ఎంచుకోమనే బడి మన పిల్లలకు దొరకడం అదృష్టం. అలాంటి బడి మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎందుకు ఉండకూడదన్నది నా కోరిక. ఆ రెండు పుటల వ్యాసం రాయించడానికి డాలర్లు అక్కర్లేదు, తరగతిలో పిల్లల సంఖ్య తగ్గితే చాలు. అది ప్రభుత్వాలను అడగవలసిన మాట. అడుగుతూనే ఉందాం.

పై దేశంలో ఉన్న మీ పిల్లలు రేపు ఫోన్ చేసినప్పుడు మాత్రం ఈ మాటలు చెప్పండి. అడ్మిషన్ ఫారం నింపే ముందు ఆ బడికి ఏ సంఘం అక్రెడిటేషన్ ఉందో, ఎప్పటిదాకా ఉందో కాగితం చూపించమనండి. మధ్యలో ఇండియా రావలసివస్తే పదకొండు, పన్నెండు తరగతుల్లో ఏయే సబ్జెక్టులు తీసుకోవాలో తొమ్మిదో తరగతిలోనే కౌన్సెలరుతో కూర్చుని రాయించుకోమనండి. తెలుగుకు క్రెడిట్ ఇస్తారా అని అడగమనండి. ఇవ్వరంటే, బడిలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు పదిమంది కలిసి ఒక అర్జీ పెట్టమనండి. ఆ బడులను చాలాచోట్ల తల్లిదండ్రుల బోర్డులే నడుపుతాయి, అర్జీని పక్కన పడెయ్యరు.